హారన్లు ఎటు తిరగాలి

మైకులో ఊదేవాళ్లంటే మా బావకు ఒళ్లు మంట. వేదిక ఎక్కిన ప్రతి పెద్దమనిషీ ముందు మైకు నెత్తిన వేలితో రెండు మొట్టికాయలు వేస్తాడు. తర్వాత "ఫూ, ఫూ" అని ఊదుతాడు. ఆపైన "వినబడుతోందా?" అని అడుగుతాడు. అప్పటికే బావ ఆ మైకును మూడుసార్లు పరీక్షించి, ఎత్తు సరిచేసి, ఎవరి కాలికీ తగలకుండా వైరు నేలకు అంటించి ఉంటాడు.

"అది పొయ్యి కాదండీ, ఊదితే మండటానికి," అని ఆంప్లిఫయర్ వెనక నుంచి పళ్లు నూరుతాడు. "మండేది నేను."

మా వాడలో ఆయన్ని తాలింపు అంటారు. నూనె కాగాక ఆవాలు ఊరుకోవు కదా, ఆయనా అంతే. మొహం మీద ఆ పేరుతో పిలిచే ధైర్యం మాత్రం వాళ్లక్క ఒక్కదానికే ఉంది. నాకు ఆయన మా అక్క మొగుడు. నాది మోటార్లకు తీగ చుట్టే కొట్టు, ఆయనది మైకు సెట్ల కొట్టు, రెంటికీ మధ్య ఒకటే గోడ. హారన్లు, అంటే ఆ గరాటు స్పీకర్లు, ఎత్తడానికి రెండో మనిషి కావాలంటే గోడ మీద తడతాడు. రెండు దెబ్బలు వేస్తే రమ్మని, మూడు వేస్తే వెంటనే రమ్మని. అంతకు మించితే ఎవరి మీదో కోపం వచ్చిందని అర్థం. నేను కాసేపు ఆగి వెళతాను.

పదో తరగతి రెండుసార్లు తప్పాడాయన. రేడియోలు బాగుచేసే ముసలాయన పక్కన స్టూలు వేసుకుని, చూసి, కాల్చుకుని, షాకులు తిని పని నేర్చుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా మా ఊళ్లో ఆయన మైకు కట్టని సభ లేదు. పని మనిషికి మాటల మనుషులంటే సహజంగానే చిరాకు. కానీ మైకు కట్టినవాడికి మాటలు వినక గతి లేదు, ఆంప్లిఫయర్ వదిలి టీకి కూడా పోకూడదు. అలా వినగా వినగా ఆయనకో జబ్బు పట్టుకుంది. సభలో ఎవరేం చెప్పినా మర్నాడు పొద్దున్నే లైబ్రరీకి వెళ్లి అది నిజమో కాదో చూసి వస్తాడు. చాలాసార్లు కాదు.

ఒకసారి ఒక నాయకుడు బల్ల గుద్ది, "రాజ్యసభను రద్దు చేయించేదాకా నిద్రపోను," అన్నాడు. బావ నా చెవిలో, "అయితే ఈయనకి ఇక నిద్రలేదురా. రద్దయ్యేది లోక్‌సభ. రాజ్యసభలో రెండేళ్లకోసారి మూడోవంతు మంది దిగిపోతారు, సభ మాత్రం అలాగే ఉంటుంది," అన్నాడు. ఇంకోసారి ఇరవయ్యారేళ్ల కుర్రనాయకుణ్ణి "కాబోయే రాజ్యసభ సభ్యుడు" అని ఆకాశానికెత్తారు. "ముప్ఫై నిండాలి. ఇంకో నాలుగేళ్లు ఆ దండలు తడిపి ఉంచమను." జాతీయ గీతం పెట్టే పని ఆయనదే కాబట్టి దానికి సుమారు యాభై రెండు సెకన్లని వాచీ చూడకుండా చెప్పగలడు. ఎవరైనా సాగదీసి నిమిషన్నర పాడితే చెవులు మూసుకోలేక, నిటారుగా నిలబడి, మొహం మాత్రం ఉడికించుకునేవాడు. ఎన్నికలంటే అందరికీ పండగ, ఆయనకు మాత్రం పోలింగు ముగిసే గడియకు ముందు ప్రచారం బందయ్యే ఆ నలభై ఎనిమిది గంటలే పండగ.

రాజ్యాంగం ఆగస్టు పదిహేనున అమల్లోకి వచ్చిందని ఒక ముఖ్య అతిథి చెప్పిన రోజు జనం చప్పట్లు కొట్టారు. బావకు అతిథి మీద కంటే చప్పట్ల మీద ఎక్కువ కోపం వచ్చింది. "జనవరి ఇరవై ఆరు! సెలవు తీసుకోవడం తెలుసు గాని ఎందుకిచ్చారో తెలియదు."

"అలాంటప్పుడు కాస్త సౌండు తగ్గించెయ్యొచ్చు కదా బావా?" అన్నాను.

ఆయన నా వంక చూసిన చూపుకు నేను రెండడుగులు వెనక్కి వేశాను. "తప్పు కూతైనా స్పష్టంగా వినబడాలి. తప్పు చెబితే అది వాడి తప్పు. వినబడకపోతే నా తప్పు. వాడి తప్పు నేనెందుకు నెత్తికెత్తుకోవాలి?"

అంత నిక్కచ్చి మనిషి. అందుకే ఆ కాగితం ఆయన్ని అంతగా కాల్చింది.

ఆ కాగితం సంగతికి ముందు వదిన గురించి చెప్పాలి. వదినంటే బావ వాళ్లక్క. మా వీధి చివర ఆమె లాండ్రీ ఉంది. ఒక పెద్దాసుపత్రి, మూడు నర్సింగ్‌హోములు, అన్నిటి దుప్పట్లూ ఆమె దగ్గరికే వస్తాయి. తెల్లవారుజామునే లేచి, మరకల దుప్పట్లు వేరు, మామూలువి వేరు చేస్తుంది. రెండు మిషన్లు, ఒక పెద్ద మరుగు తొట్టి, మేడ మీద పన్నెండు వరసల తీగలు. బట్ట చేత్తో పట్టుకుంటే చాలు, ఎన్ని ఉతుకులు తిన్నదో చెప్పేస్తుంది. ఇద్దరు ఆడవాళ్లు ఆమె దగ్గర పని చేస్తారు. ఆ లాండ్రీతోనే, మొగుడు పోయాక, ఇల్లు నిలబెట్టుకుంది.

వెనక వీధిలో నూలుకు రంగులద్దే ఫ్యాక్టరీ వచ్చిన ఏడాదికి ఆమె బోరు నీళ్లు రంగు తిరిగాయి. మొదట సబ్బుల షాపువాడిని తిట్టింది. తర్వాత మిషన్ తుప్పు పట్టిందేమోనని నన్ను పిలిచి విప్పించింది. లోపల అద్దంలా ఉంది. ఆఖరికి తెల్ల బకెట్లో నీళ్లు పట్టి, రోజూ పొద్దున్నే చూసి, క్యాలెండరు మీద రాయడం మొదలుపెట్టింది.

"సోమవారం ఎరుపు, గురువారం నీలం," అనేది. "వాళ్లకి ఏ ఆర్డరొచ్చిందో వాళ్ల మేనేజరు కంటే నా బకెట్టుకే ముందు తెలుస్తుంది."

నవ్వుతూ అన్న మాట కాదది. పెద్దాసుపత్రిలో దుప్పట్లు లెక్క చూసుకునే నర్సమ్మ ఒకరోజు ఆమెను పక్కకు పిలిచింది. "పేషెంటు నిద్ర లేచి దుప్పటి మీద ఎర్రమరక చూసి రక్తమనుకుని కేకలేస్తున్నాడమ్మా. నీ పని నాకు తెలుసు. కానీ ఇంకొక్క మూట ఇలా వస్తే నా చేతుల్లో ఉండదు, వేరేవాళ్లకి ఇచ్చేస్తారు." అప్పటినుంచి వదిన ట్యాంకరు నీళ్లు తెప్పించుకుని నెట్టుకొస్తోంది. ట్యాంకరొచ్చిన రోజు ఉతుకు, రాని రోజు ఎదురుచూపు.

ఇది చాలదన్నట్లు ఆ ఫ్యాక్టరీ ఇప్పుడున్నదానికి రెండింతలు కట్టుకుంటామని దరఖాస్తు పెట్టింది. అలాంటిదానికి అనుమతివ్వాలంటే ముందు చుట్టుపక్కల జనాన్ని పిలిచి, వాళ్లేమంటారో విని, ఆ మాటలు కాగితం మీద పెట్టి పైకి పంపాలి. ప్రజాభిప్రాయ సేకరణ అంటారు. వదినకు అదొక్కటే దారి కనిపించింది. తన మాట ఆ కాగితంలోకి ఎక్కితే పైవాళ్లు ఆలోచిస్తారు. ఎక్కకపోతే రంగు రెండింతలవుతుంది, లాండ్రీ మూతపడుతుంది.

మొదటిసారి ఆ సభ జరిగినప్పుడు మైకు కట్టింది బావే. పురపాలక హాలు, వేదిక మీద ఐదు కుర్చీలు, కింద జనం మధ్యలో ఒక మైకు. వదిన, ఆమెతోపాటు పదిహేను మంది లేచి మాట్లాడారు. వేదిక మీద ఆఫీసర్లు బుద్ధిగా తలలూపారు. వీడియో తీసేవాడు కూడా వాళ్ల తలలూపుళ్లే తీశాడు.

"ఎంత శ్రద్ధగా విన్నార్రా!" అంది వదిన ఇంటికొస్తూ. "నేను మాట్లాడుతుంటే ఆ మధ్యలో ఆయన రెండుసార్లు తలూపాడు."

బావ మాత్రం నమ్మలేదు. మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు అని ఆయన ముప్ఫై ఒక్క ఏళ్లు దగ్గరుండి చూశాడు. ఆ సభలో ఏం రాసుకున్నారో నకలు కావాలని సమాచార హక్కు కింద అర్జీ పెట్టాడు. చట్టం ప్రకారం ముప్ఫై రోజుల్లో ఇవ్వాలి. ముప్ఫయ్యో రోజే వచ్చింది. ఒక్కరోజు ముందిస్తే భూమి బద్దలవుతుందేమో.

ఆ మధ్యాహ్నం గోడ మీద ఏడు దెబ్బలు పడ్డాయి. నేను ఒక మోటారు సగం చుట్టి ఉన్నాను. అన్ని దెబ్బలు ఎప్పుడూ పడలేదు, ఈసారి ఆగకుండా దాన్ని వదిలేసి పరిగెత్తాను. కొట్లో వదిన అప్పటికే ఉంది. బావ చేతిలో రెండు కాగితాలున్నాయి.

"చదువు," అని నా మొహం మీదకు తోశాడు.

చదివాను. "హాజరైన ప్రజలలో అధికులు హర్షము వ్యక్తము చేసినారు. మైకు సరిగా పనిచేయనందున కొందరి అభిప్రాయములు స్పష్టముగా వినబడలేదు."

"నా మైకు!" అని అరిచాడు. "నా మైకు పనిచెయ్యలేదట! వర్షంలో పనిచేసింది, తుపానులో పనిచేసింది, గేదె వచ్చి స్టాండుకి కొమ్ము గీక్కున్న రోజు కూడా పనిచేసింది. ఈ ఐదుగురు గుడ్లప్పగించి కూర్చున్న రోజు పనిచెయ్యలేదా? ఇప్పుడే పోతాను. ఆ గుమస్తా చెవి దగ్గర హారన్ పెట్టి అడుగుతాను, వినబడుతోందా అని!"

"హర్షమట," అంది వదిన నెమ్మదిగా. ఆమె కోపం అరవదు, అడుగున కాగుతుంది. "నా బోరులో రంగొస్తోందంటే నేను హర్షించానట. పదహారు మందిమి లేచి గొంతు చించుకున్నాం, ఒక్కరి మాటా లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లయింది."

"చెవుడూ లేదు, పాడూ లేదు. అబద్ధం రాశారు."

"అబద్ధమని నీకెలా తెలుసురా?"

"నేను కట్టాను కాబట్టి! నువ్వు మాట్లాడితే గేటు బయట సోడా కొట్టువాడికి కూడా వినబడింది."

"వాడికి వినబడింది సరే. వేదిక మీదవాళ్లకి వినబడిందా? నువ్వెప్పుడైనా ఆ కుర్చీలో కూర్చున్నావా?"

"మనల్ని ఆ కుర్చీల్లో ఎవరు కూర్చోబెడతారక్కా?"

"అయితే తెలియకుండా అరవకు, తాలింపూ."

మరో మనిషి ఆ మాట అని ఉంటే ఏమయ్యేదో. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రెండు రోజుల తర్వాత ఆ పురపాలక హాల్లోనే ఎవరిదో పదవీ విరమణ సన్మానం ఉంది. మైకు కట్టడానికి నేనూ వెళ్లాను. ఎప్పటిలాగే వేదికకు అటొకటి ఇటొకటి హారన్లు, జనం వైపు తిప్పి కట్టాం. కుర్చీల మీద తువ్వాళ్లు పరిచి ఉన్నాయి గాని మనుషులింకా రాలేదు. వదిన వచ్చింది. మొదటి సభలోలాగే జనం మధ్య ఒక మైకు పెట్టించి, దాని దగ్గర నిలబడి, బావకు వేదిక మీద నడిమి కుర్చీ చూపించి కూర్చోమంది. ఆయన చుట్టూ చూసి, తువ్వాలు తీసి పక్కన పెట్టి, దొంగ కూర్చున్నట్లు కూర్చున్నాడు.

నేను కింద ఆఖరి వరసలో ఉన్నాను. వదిన మైకు అందుకుని మొదలుపెట్టింది.

"ఒరే, నువ్వొక మొద్దువి. చిన్నప్పుడు అమ్మ నన్ను పలక కొనుక్కోమంటే నీకు బలపాలు కొన్నాను, అవన్నీ తిన్నావు. అయినా బుద్ధి రాలేదు. ముప్ఫై ఏళ్లుగా కోపం తప్ప ఏమీ సంపాదించలేదు. మీ ఆవిడ మంచిది కాబట్టి ఇంకా నీతో ఉంది. అవునా, కాదా?"

నాకు ప్రతి అక్షరం వినబడింది. గేటు దగ్గర సోడా కొట్టువాడు పగలబడి నవ్వాడు. వేదిక మీద బావ శ్రద్ధగా మొహం పెట్టి, నెమ్మదిగా, రెండుసార్లు తలూపాడు.

నేను కుర్చీ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాను. బావ లేచి నిలబడ్డాడు. "ఎందుకు నవ్వుతున్నావు? ఏమంది? ఏదో 'వావావా' మంటోంది తప్ప..." అని అక్కడే ఆగిపోయాడు.

అది చూసి నాకు నవ్వు ఆగింది. ఆయన అరిస్తే భయపడేవాణ్ణి కాదు. మళ్లీ కుర్చీలో కూర్చుని, కుడివైపు హారన్ వీపు చూశాడు, ఎడమవైపు హారన్ వీపు చూశాడు. రెండూ ఆయనకు వీపు తిప్పి నిలబడ్డాయి. వెనక్కి వచ్చేది ఎదుటి గోడకు కొట్టుకుని వచ్చిన మోత ఒక్కటే. దాంట్లో మాట ఉండదు.

ఇది చిన్న సంగతే. మైకు కట్టే ఎవరినడిగినా హారన్లు జనం వైపే తిప్పాలంటారు. మాకు నేర్పినవాళ్లూ అలాగే కట్టారు. పైన ఉన్నవాడు మాట్లాడతాడు, కింద ఉన్నవాళ్లు వింటారు, సభంటే అంతే అనుకున్నాం. కింద మైకు పెట్టిన రోజున కూడా హారన్లు అటే ఉంచాం. దాంతో కిందివాళ్ల మాటలు కిందివాళ్లకే వినిపించాయి.

"ముప్ఫై ఒక్క ఏళ్లు," అన్నాడు చివరికి. "వాడు రాసింది నిజమే. వినబడలేదు. నా వల్లే."

"నీ వల్లే అని ఎవరన్నారు?" అంది వదిన. "వినబడకపోతే 'అమ్మా, వినబడలేదు, ఇంకోసారి చెప్పు' అనొచ్చు కదా? తలెందుకూపారు? అది వాళ్ల తప్పు. హారన్లు నీ తప్పు. నీది నువ్వు చూసుకో, వాళ్ల సంగతి తర్వాత చూద్దాం."

కోపం తన మీదకు తిరిగినప్పుడు మనిషి ఎక్కువ పని చేస్తాడని ఆ నెలలో చూశాను. బావ లైబ్రరీలో కూర్చుని ఆ సభల నిబంధనలన్నీ చదివాడు. పత్రికలో ప్రకటన ఇచ్చాక జనానికి కనీసం ముప్ఫై రోజుల గడువివ్వాలని ఉంది. పాత పేపర్లు తిరగేసి ప్రకటన తేదీ పట్టుకున్నాడు. సభ తేదీదాకా వేళ్ల మీద లెక్కపెట్టాడు, నా చేత లెక్కపెట్టించాడు, వదిన క్యాలెండరు మీద లెక్కపెట్టింది. ముగ్గురికీ ఇరవై మూడే వచ్చాయి. వీధిలో అందరి సంతకాలతో పై ఆఫీసుకు అర్జీ వెళ్లింది. రెండు నెలలకు జవాబొచ్చింది: సభ మళ్లీ జరపండి.

రెండో సభకు మైకు కట్టమని హాలు అటెండరు అలవాటు ప్రకారం బావకే కబురు పెట్టాడు. అర్జీ పెట్టింది ఎవరో, మైకు కట్టేది ఎవరో ఆఫీసులో ఎవరూ కలిపి చూసుకోలేదు.

ఆ రోజు తెల్లవారగానే వెళ్లాం. నాలుగు హారన్లు తీసుకెళ్లాం. రెండు ఎప్పటిలాగే జనం వైపు, కాస్త తక్కువ మోతతో. తక్కిన రెంటినీ జనంలో మూడో వరస దగ్గర పొడవాటి స్టాండ్ల మీద ఎక్కించి వేదిక వైపు తిప్పాడు. జనం మాట్లాడే మైకును వాటి వెనక్కి జరిపాడు, ముందుంటే కీచుమని కూస్తుంది. కుర్చీ కుర్చీలోనూ నన్ను కూర్చోబెట్టి, వదిన చేత అంకెలు చదివించాడు. నేను ఐదు కుర్చీల్లోనూ కూర్చుని ఏ అంకె చదివిందో చెప్పాలి. ఎడమ చివర కుర్చీలో ఏడు నాకు ఏదోలా వినబడితే హారన్‌ను బెత్తెడు దించాడు. మళ్లీ చదివించాడు. ఏడు ఏడులాగే వినబడింది.

గుమస్తా వచ్చాడు. మొదటిసారి కాగితం రాసింది ఆయనే. హారన్లను చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఏమిటయ్యా ఇది? వీటిని ఇటు తిప్పావు?"

"అటు తిప్పితే ఏమైందో మీరే రాశారు కదండీ," అన్నాడు బావ. "స్పష్టముగా వినబడలేదని."

"అది... అయినా మాట్లాడేది మేమయ్యా!"

"ఇవాళ మాట్లాడేది వాళ్లు, వినేది మీరు. నోటీసులో ప్రజాభిప్రాయ సేకరణ అని ఉంది. సేకరించండి."

"మేడం ఊరుకోరు."

"మేడం చెప్పాక తిప్పుతాను."

మేడం అంటే ఆ రోజు సభకు అధ్యక్షురాలైన పెద్దాఫీసరు. ఆమె వచ్చి కూర్చుంది. ముందు ఫ్యాక్టరీ మేనేజరును మాట్లాడమన్నారు. ఆయన జనం వైపు నుంచి మాట్లాడటానికి దిగి, మైకు పట్టుకుని, వేలితో రెండు కొట్టి, నిండు గుండెతో "ఫూ" అన్నాడు. ఆ ఊపిరి తిన్నగా వేదికకు తగిలింది. గుమస్తా చేతిలో పెన్ను ఎగిరి కింద పడింది. మేడం రెండు చెవులూ మూసుకుంది.

"ఎవరయ్యా మైకు?"

బావ లేచి నిలబడ్డాడు.

"ఇంత అవసరమా? అటు తిప్పించండి."

"అటు తిప్పితే మీకు వినబడదు మేడం. క్రితంసారి వినబడలేదని రాశారు. మోత ఎక్కువైతే తగ్గిస్తాను, అది నా పని. తిప్పడం మాత్రం..." అని హారన్ల వైపు చెయ్యి చూపాడు. "ముందు ఒక్కరు మాట్లాడేదాకా చూడండి."

ఆమె ఆయన వంక, తర్వాత హారన్ల వంక చూసింది. "తగ్గించండి," అంది. ఒక గీత తగ్గించాడు. ఆ గీతతో మాట ఇంకా శుభ్రమైంది.

మేనేజరు ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఉద్యోగాలన్నాడు, దేశాభివృద్ధన్నాడు. రంగు అన్న మాట ఒక్కసారీ అనలేదు. బావ ఆంప్లిఫయర్ మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. మీట కదపలేదు. మేనేజరు చెప్పిన ప్రతిదీ స్పష్టంగా వినబడింది.

తర్వాత వదిన లేచింది. చంకలో ఒక దుప్పటి మడత ఉంది. మైకు దగ్గరకు వచ్చి కొట్టలేదు, ఊదలేదు.

"నాది లాండ్రీ అమ్మా. ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతాను. నా బోరులో సోమవారం ఎర్రనీళ్లు, గురువారం నీలంనీళ్లు వస్తాయి. పోయిన ఏడాది నుంచి క్యాలెండరులో రాసిపెట్టాను, కావాలంటే చూడండి. ఇది ఆ నీళ్లలో ఒక్కసారి ఉతికిన దుప్పటి." విప్పి రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. మధ్యలో మనిషి పడుకునేంత మేర గులాబీ రంగు మరక. "జబ్బుమనిషి దీనిమీద లేచి తనకి రక్తం పోయిందనుకుంటున్నాడు. ఇప్పుడున్న ఫ్యాక్టరీకే ఇలా ఉంటే రెండింతలు కడితే ఎలా ఉంటుందో మీరు చెప్పండి. నేను వద్దంటున్నాను. క్రితంసారి కూడా వద్దన్నాను. హర్షం అని రాశారు. ఇంకోసారి హర్షం అని రాస్తే బాగుండదు."

హాలంతా అరిచింది. మేడం ఈసారి చెవులు మూసుకోలేదు. ఇంకా చాలామంది మాట్లాడారు. ఎవరి మాటా మోతలో కలవలేదు.

అన్నీ అయ్యాక, రాసుకున్నది అక్కడే జనానికి చదివి వినిపించాలి. అదీ నిబంధనే. గుమస్తా గబగబా చదువుకుంటూ పోయాడు. వదిన సంగతి దగ్గరికి వచ్చేసరికి ఇంకా గబగబా చదివాడు: "లాండ్రీ నడుపుచున్న ఒక మహిళ తన బోరు నీటిలో కొద్దిగా రంగు కనిపించుచున్నట్లు తెలిపినారు."

"ఆగండి," అంది వదిన. మైకు ఇంకా ఆమె దగ్గరే ఉంది. "కొద్దిగా అని నేనన్నానా?"

"భావం రాశానమ్మా."

"నీ భావం ఎవడికి కావాలి? నా మాట రాయి."

బావ ఆంప్లిఫయర్ వెనక నుంచి లేచాడు. "కొద్దిగానా? దుప్పటి కళ్లముందు పట్టుకుని చూపిస్తే..."

"నువ్వు కూర్చో! నీ డబ్బా నువ్వు చూసుకో," అని మైకులోనే కసిరింది వదిన. బావ కూర్చున్నాడు. "అయ్యా, పోయిన ఏడాది నుంచి రోజూ పొద్దున్నే బకెట్టు చూస్తున్నది నేను. కొద్దిగానో గొప్పగానో నాకు తెలుసు. నువ్వొక్కరోజు మా ఇంటికొచ్చి ఆ నీళ్లతో ఆ తెల్ల చొక్కా ఉతుక్కో. అప్పుడు నీ ఇష్టమొచ్చినట్లు రాసుకో."

మేడం గుమస్తా వైపు తిరిగింది. "ఆమె ఏమన్నారో మీకు వినబడిందా?"

గుమస్తా చెవి రుద్దుకున్నాడు. ఆ హారన్ల ఎదుట కూర్చుని వినబడలేదనడానికి ఎంత మనిషికైనా మొహం చెల్లదు. "వినబడింది మేడం."

"అయితే అదే రాయండి."

కొట్టేసి రాశాడు. సోమవారం ఎరుపు అని రాశాడు, గురువారం నీలం అని రాశాడు, అనుమతి ఇవ్వవద్దన్నారని రాశాడు. చదివి వినిపించాడు, ఈసారి నెమ్మదిగా. కొట్టివేత పక్కన మేడం పొట్టిసంతకం పెట్టింది.

"మైకు బాగా పనిచేసిందని కూడా రాయించండి మేడం," అన్నాడు బావ.

"అది అవసరం లేదు," అందామె, కాగితాలు సర్దుకుంటూ.

బావ మొహం ఎర్రబడింది. కానీ ఆంప్లిఫయర్ వైపు తిరిగి వైరు చుట్టడం మొదలుపెట్టాడు. పాత కాగితంలో ఆయన మైకు పాడైనట్లే ఉంది, ఎప్పటికీ ఉంటుంది. ఫ్యాక్టరీకి అనుమతి ఇస్తారో ఇవ్వరో మాకు ఆ రోజు తెలియదు, ఈ రోజుకీ తెలియదు. ఫైలు పైకి వెళ్లిందన్నది మాత్రం తెలుసు.

జనం లేచి పోతున్నారు. వదిన పోలేదు. వేదిక మెట్లెక్కి ఆ దుప్పటిని గుమస్తా బల్ల మీద వేసింది.

"ఇదేమిటమ్మా?"

"మాటకు సాక్ష్యం. ఫైల్లో పెట్టండి."

"దుప్పటి ఫైల్లో పట్టదమ్మా!"

"పట్టే ఫైలు తెచ్చుకో."

ఆయన మేడం వైపు చూశాడు. ఆమె కుర్చీలోంచి లేస్తూ, "జతపరచినవి అన్నచోట రాయండి. దుప్పటి ఒకటి," అంది.

గుమస్తా రాశాడు. తర్వాత ఏం చెయ్యాలో తోచక దుప్పటిని ఒక కొస పట్టుకుని లాగి, ఉండ చుట్టినట్లు చుట్టి కాగితాల కింద కుక్కబోయాడు. వదిన అది చూడలేకపోయింది. చేతిలోంచి లాక్కుంది.

"ఇన్నేళ్లు ఆఫీసులో కూర్చుని బట్ట మడతపెట్టడం కూడా నేర్చుకోలేదా?"

రెండు కొసలు తన గుండెకు ఆనించి, తక్కినవి బావ చేతికిచ్చింది. అక్కా తమ్ముడూ ఆ దుప్పటిని సాగదీసి, విదిల్చి, ముడత లేకుండా నాలుగు కొసలూ కలిపారు. ఒక మడత, ఇంకో మడత, మళ్లీ ఒకటి. ఆఖరి మడత వేసేటప్పుడు వదిన ఒక్క క్షణం ఆగి, మరక పైకి వచ్చేలా తిప్పి వేసింది. అరచేత్తో ఒకసారి నిమిరి, గుమస్తా ముందు పెట్టింది.